స్థిరంగా లేని స్థిరాంకం

మా తోడికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. ఆమె పనిచేసే పాలిటెక్నిక్‌లో పిల్లలు మాత్రం ఆమెకు ‘మళ్ళీ మేడం’ అని పేరు పెట్టారు. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా వెనక బెంచీలో ఒక్క మొహం అయోమయంగా కనిపించినా చాలు, డస్టర్ అందుకుని మొత్తం తుడిచేసి ‘సరే, మళ్ళీ’ అంటుందట. ఆ పేరు సంగతి ఆమెకూ తెలుసు. ఒకసారి హాజరు పట్టీ అట్ట మీద ఎవరో పెన్సిలుతో ఆ పేరు రాస్తే, కింద సంతకం పెట్టి తిరిగిచ్చేసింది.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద నేనూ మా ఆయనా. పైన బావగారూ అక్కా, వాళ్ళతోపాటు మా అత్తగారూ మామగారూ. బావగారికి బజార్లో కళ్ళద్దాల షాపుంది. నేను ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని; పట్టేసిన మెడలు, వంగని మోకాళ్ళు నా వంతు. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. మామగారు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు గానీ, లెక్కలు ఆయన్ని వదల్లేదు. పాతికేళ్ళుగా ఒకే ఒక్క సమస్య పట్టుకుని కూర్చున్నారు. “నేను ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ లైన్లు కలిపాను. ఈయన ఇన్నేళ్ళుగా చుక్కకీ చుక్కకీ లైను కలపలేక ఛస్తున్నారు,” అనేవారు అత్తగారు.

పెళ్ళికి ముందు అక్క విశ్వవిద్యాలయంలో పరిశోధన మొదలుపెట్టి మధ్యలో మానేసిందని మా అందరికీ తెలుసు. ఎందుకు మానేసిందో ఎవరం అడగలేదు. ఒకనాడు డాబా మీద ఇద్దరం దుప్పట్లు ఆరేస్తుంటే తనే చెప్పింది. మొదటి సెమినార్‌లో ఆమె బోర్డు మీద తన పని వివరిస్తుంటే, బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, “ఇది మీరే చేశారా, ఎవరైనా చేసిపెట్టారా?” అన్నాడట. సరదాకే అని ఉండొచ్చు. గదిలో అందరూ నవ్వారు. చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. తర్వాత గైడు రెండుమూడుసార్లు కబురు చేసినా వెళ్ళలేదు. సంబంధం వచ్చింది, పెళ్ళయింది, పాలిటెక్నిక్‌లో ఉద్యోగం దొరికింది.

“అంతే. పెద్ద కథేం లేదు,” అంది, దుప్పటి రెండో కొస నా చేతికిస్తూ.

మామగారి భుజం పట్టెయ్యకపోతే ఆ కథ అక్కడితో ముగిసిపోయేదే.

ఆ ఏడాది ఆయన కుడి చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం మానేసింది. చొక్కా వేసుకోవాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాల్సిందే. రోజూ సాయంత్రం నేను పైకెళ్ళి ఆ చేతికి వ్యాయామం చేయించేదాన్ని. నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటూ, “ఏమ్మా, నొప్పి తెలియకుండా ఏదైనా మాట్లాడుకుందామా?” అన్నారోసారి. మాట్లాడండి అన్నాను. నా తప్పే.

“ఒక వలయం మీద వంద చుక్కలు పెట్టావనుకో. ఏ చుక్క మీద నిలబడ్డా నీకు మూడు రకాల అంగలే ఉన్నాయి. ఒక అంగ వేస్తే ఏడు చుక్కల అవతల పడతావు, ఇంకోటి వేస్తే ఇరవై మూడు, మరొకటి నలభై. ముందుకైనా వెయ్యొచ్చు, వెనక్కైనా వెయ్యొచ్చు. అంగ పడ్డ చోటికల్లా గీత గియ్యి. అదే గ్రాఫు.”

“చెయ్యి బిగబట్టకండి మామయ్యగారూ.”

“ఇప్పుడు చూడు. ఏడు వేసి ఇరవై మూడు వేసినా, ఇరవై మూడు వేసి ఏడు వేసినా, పడేది ఒకే చుక్క మీద. ముందూ వెనకా పట్టింపు లేదు. అలాంటిదాన్ని వినిమయ సమూహం అంటాం. నాకు కావలసిందేమిటంటే, ఈ గ్రాఫులో ఎక్కడా ఇరుకు సందు ఉండకూడదు. ఏ కొన్ని చుక్కల్ని గుంపుగా తీసుకున్నా, ఆ గుంపులోంచి బయటికి బోలెడు గీతలు పోవాలి. ఒక చుక్క దగ్గర కబురు పుడితే నాలుగంగల్లో అంతటా పాకిపోవాలి.”

“మా వార్డులో ఎవరికైనా పెళ్ళి కుదిరినట్టు.”

“సరిగ్గా అంతే! దాన్నే వ్యాకోచం అంటాం.” ఆయన భుజం సంగతి మర్చిపోయి చెయ్యి ఊపబోయి, కెవ్వుమన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు మిగతాదీ తెలిసింది. ప్రతి గ్రాఫుకూ కొన్ని అంకెలుంటాయట, వాటన్నిటినీ కలిపి దాని వర్ణపటం అంటారట. అన్నిటికంటే పెద్ద అంకెకీ దాని తర్వాతి అంకెకీ మధ్య ఎడం ఎంత ఎక్కువైతే కబురు అంత వేగంగా పాకుతుంది. మామూలు గ్రాఫులకు ఆ అంకెలు రాబట్టడం ప్రాణాంతకం. వినిమయ సమూహాల నుంచి కట్టిన గ్రాఫులకైతే కొసైన్లు కూడి చేత్తో రాసేయొచ్చు. అందుకే మామగారికి అవంటే అంత ముద్దు. మూడే మూడు అంగలు తెలివిగా ఎంచుకుంటే, చుక్కలు వందైనా కోటైనా ఆ ఎడం ఒక హద్దు కన్నా కిందికి రాదని ఆయన నమ్మకం. మూడు వందల చుక్కల దాకా ఆయన స్వయంగా లెక్క కట్టారు. ఎడం కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంది. అది ఎక్కడో ఒకచోట ఆగుతుందని పాతికేళ్ళు చూశారు. చివరికి ఒక నిరూపణ కూడా దొరికిందనుకున్నారు.

అదే సమయానికి ఆయన పాత కాలేజీవాళ్ళు ఒకరోజు సదస్సు పెడుతూ, వచ్చి మాట్లాడమని పిలిచారు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బావగారి షాపుకెళ్ళి కొత్త ఫ్రేమ్ ఎంచుకున్నారు. ఇక వ్యాసం సాపు రాయాలి. చూస్తే చెయ్యి లేవదు.

“నేను రాసిపెడతాను మామయ్యగారూ, మీరు చెప్పండి,” అంది అక్క.

సాయంత్రం పాలిటెక్నిక్ నుంచి రాగానే మొహం కడుక్కుని, టీ గ్లాసుతో భోజనాల బల్ల దగ్గర కూర్చునేది. ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పేవారు, ఈమె రాసేది. మొదట్లో రాసేది మాత్రమే. తర్వాత “ఇదెలా వచ్చింది?” అని అడగడం మొదలైంది. ఆ తర్వాత “కాదేమో” అనడం. కింద మా గదిలోకి పైనుంచి కుర్చీ జరిగిన చప్పుడూ, “అవునమ్మా!” “కాదు మామయ్యగారూ!” అనే మాటలూ వినిపించేవి. పొయ్యి మీద పాలు పొంగిపోయి అత్తగారు కేకలేసినా ఇద్దరికీ చెవికెక్కేది కాదు. అక్కను నేనెప్పుడూ అంత హుషారుగా చూడలేదు. మెట్లు రెండేసి ఎక్కుతుండేది.

ఒక ఆదివారం పొద్దున నేను వంటింట్లో ఉండగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

“స్థిరాంకం స్థిరంగా లేదే,” అంది.

“ఏంటక్కా?”

“మామయ్యగారి నిరూపణలో ‘ఒక స్థిరాంకం తీసుకుందాం’ అని ఉంది. చుక్కలెన్ని ఉన్నా అది మారకూడదు. ఆయన మాత్రం చుక్కలెన్నో తెలిశాక దాన్ని ఎంచుకుంటున్నారు. చుక్కలు పెరిగేకొద్దీ అది చిన్నదైపోతోంది. చివరికి చేతిలో ఏం మిగలదు.”

“సరిచెయ్యడానికి వీల్లేదా?”

“వారం నుంచి అదే చూశాను. అసలా మాటే నిజం కాదు.” స్టూలు లాక్కుని కూర్చుంది. “నువ్వే చెప్పు. ఒక చుక్క మీంచి బయల్దేరి పది అంగలు వేశావు. ప్రతిసారీ నీకు ఆరు దారులు, మూడు రకాల అంగలు ముందుకో వెనక్కో. మొత్తం ఆరు కోట్ల పైచిలుకు నడకలు. అవునా? కానీ ఏ అంగ ముందు వేశావు, ఏది తర్వాత వేశావు అన్నది లెక్కలోకి రాదుగా. ఏది ఎన్నిసార్లు వేశావన్నదే లెక్క. అలా చూస్తే పది అంగల్లోపు నువ్వు చేరగలిగే చోట్లు పదిహేను వందల అరవై ఒకటి. అంతకు మించి లేవు.”

“ఆరు కోట్ల నడకలకి అన్నేనా?”

“అన్నే. అందరూ బయల్దేరడం బయల్దేరారు, ఆ నాలుగు వీధుల్లోనే ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటున్నారు. కబురు నిజంగా పాకే గ్రాఫులో ప్రతి అంగకీ చేరే చోట్లు ఇన్ని రెట్ల చొప్పున పెరగాలి. ఇక్కడ ఆ పెరుగుదల ఉండదు. మూడు కాదు, ముప్పై రకాల అంగలు పెట్టుకో. చుక్కలు బాగా పెరిగాయంటే ఎక్కడో ఒకచోట ఇరుకు పడి తీరుతుంది.” మెల్లగా అంది. “ముందూ వెనకా పట్టింపు లేకపోవడం వల్లే ఆయనకి లెక్క సుళువైంది. దానివల్లే కబురు పాకట్లేదు.”

ఈ సంగతి ఆయనకు చెప్పాలి. చెప్పడానికి అక్కకు ధైర్యం చాల్లేదు. ఆయన సదస్సుకు వేసుకోవాల్సిన చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చారు. ఈమె సాయంత్రాలు బల్ల దగ్గర కూర్చుంటూనే ఉంది. రాసిన పేజీనే మళ్ళీ సాపు చేస్తానంటూ, తలనొప్పంటూ, మూడో భాగం దగ్గర బండిని కదలనివ్వకుండా కాలయాపన చేస్తూ వచ్చింది. అత్తగారి కళ్ళు కప్పడం మాత్రం ఎవరి తరం?

“ఏంటి, ఈ మధ్య తెగ నీళ్ళు నములుతున్నావు?” అని అడిగారు ఒకరోజు, మామగారు బయటికెళ్ళిన సమయం చూసి. నేనూ అక్కడే ఉన్నాను.

“మామయ్యగారి లెక్క తప్పు అత్తయ్యా.”

“ఏ లెక్క? కరెంటు బిల్లా?”

“పాతికేళ్ళ లెక్క.”

అత్తగారు చేతిలో తువ్వాలు మడత పెట్టడం ఆపేశారు. “బాగుచెయ్యడం కుదరదా?”

“కుదరదు.”

“అయితే అది ఆయనకి చెప్పేది నువ్వా, ఆ మీటింగులో పదిమందా?”

అక్క తల వంచుకుంది.

“చూడమ్మా. ఎక్స్ఛేంజిలో ఒక్కోసారి చావు కబుర్లు వచ్చేవి. అవతలివాళ్ళ గొంతు వినగానే మాకు తెలిసిపోయేది. అయ్యో పాపం అని లైను ఆలస్యం చేస్తే ఎవరికి లాభం? గమ్మున కలిపేసేవాళ్ళం. కలిపాక మాత్రం లైన్లో ఉండేవాళ్ళం, ఇవతలివాళ్ళకి మాట పడిపోతే పక్కింటికి ఫోన్ చెయ్యడానికి. నువ్వూ చెప్పెయ్. చెప్పి పారిపోకు, అక్కడే ఉండు.” ఒక్క క్షణం ఆలోచించి చేర్చారు. “టీ తాగాక చెప్పు. టీకి ముందు రెండు రెళ్ళు నాలుగన్నా ఆయన ఒప్పుకోరు.”

శనివారం మధ్యాహ్నం, టీ అయ్యాక, నేను ఆయన మణికట్టు పట్టుకుని చెయ్యి మెల్లగా పైకి లేపుతున్నాను. “మూడో భాగం చదవమ్మా,” అన్నారు. అక్క చదివింది. స్థిరాంకం అన్న మాట దగ్గర ఆగింది. తడబడుతూనే మొత్తం చెప్పింది. ఆరు కోట్ల నడకలు, పదిహేను వందల చోట్లు, అన్నీ. ఆయన మధ్యలో ఒక్కసారి, “చిన్నవాటికి సరిపోయింది కదా! మూడు వందల దాకా నేనే చేశాను కదా!” అన్నారు.

“చిన్నవాటికి సరిపోయినట్టే ఉంటుంది మామయ్యగారూ. పెద్దవాటికి వెళ్ళేసరికి...”

నా చేతిలో ఆయన చెయ్యి బరువెక్కింది. దాన్ని మెల్లగా దించాను.

“మీకు అలా అనిపించిందా?” అన్నారు ఆయన. “సరే. మీరు అలిసిపోయి ఉంటారు. వెళ్ళి పడుకోండి.”

కోడల్ని ఆయన ఏనాడూ మీరు అనలేదు. అక్క పడుకోవడానికి వెళ్ళలేదు. అత్తగారు చెప్పినట్టు అక్కడే కూర్చుంది. లేచి వెళ్ళింది ఆయనే.

ఆ రోజు మొదలు ఇంట్లో మర్యాద భరించరానిదైపోయింది. “మీరు భోంచేశారా?” “మీ కుర్చీ ఇలా జరపమంటారా?” “మీ టీ చల్లారుతోంది.” అక్క కిందికి వచ్చి నా మంచం మీద కూర్చుని, “రెండు తిట్టినా బావుండేదే,” అని ఏడ్చింది. బావగారికి కూడా ఒళ్ళు మండింది. “నాన్నా, దాన్ని ‘మీరు’ అనడం ఏంటి? అనేదేదో నన్నూ అనండి, షాపులో గిరాకీల ముందు గౌరవంగానైనా ఉంటుంది,” అన్నారు. మామగారు నవ్వలేదు. ఎడమచేత్తో వంకరటింకరగా ఏవేవో రాసుకుంటూ తలుపేసుకుని ఉండేవారు. వ్యాయామానికి కూడా వద్దన్నారు. నేను వినలేదు. చేస్తున్నంతసేపూ పైకప్పు వంక చూస్తూ పడుకునేవారు. అలా చూస్తున్నప్పుడే ఆయన పెదాలు కదిలేవి. ఆరు, ముప్పై ఆరు, రెండు వందల పదహారు అని గుణించుకుంటున్నారని నాకు అర్థమయ్యేది.

ఒకరోజు పొద్దున్నే తయారై, చొక్కాకి నాచేత గుండీలు పెట్టించుకుని, విశ్వవిద్యాలయం బస్సెక్కారు. సాయంత్రం దాకా రాలేదు. అత్తగారు కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతూనే ఉన్నారు. వచ్చాక కాళ్ళు కడుక్కుని, టీ తాగి, బల్ల దగ్గర కూర్చుని పిలిచారు.

“అమ్మాయ్! ఎక్కడున్నావు? ఇలా రా.”

అక్క పరుగున వచ్చింది.

“నువ్వు చెప్పింది నిజం. కాకపోతే నువ్వు చెప్పకముందు నుంచే నిజం. విశ్వవిద్యాలయం వాళ్ళకి ఎన్నో ఏళ్ళ కిందటే తెలుసట. అక్కడ లైబ్రరీలో ఒక కుర్ర లెక్చరర్ పుస్తకం తీసి చూపించాడు. ‘సార్, ఇది మేము మొదటి నెలలోనే చెప్తాం,’ అన్నాడు. వెటకారమేం లేదు పాపం, ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే నా ప్రాణం చచ్చిపోయింది.” ఆయన గొంతు సవరించుకున్నారు. “మా కాలేజీ దాటి నేను ఎక్కడికీ పోలేదు. ఎవర్నీ అడగలేదు. నా మూల నేను కూర్చుని లెక్కలు వేసుకున్నాను. సరే, పోనీ. నువ్వెలా చేశావో మొదట్నుంచి చెప్పు. ఆ రోజు నేను వినలేదు.”

అక్క చెప్పింది. ఆయన విన్నారు. అంతా అయ్యాక, “ఇంతేనా? ఇంత చిన్న మాట నాకెందుకు తట్టలేదు?” అన్నారు.

“మీరు కొసైన్ల వైపు నుంచి చూశారు. నేను ఊరికే నడిచి చూశాను మామయ్యగారూ.”

“ఊరికేనా?” అని ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు. “ఆ కుర్రాడి మర్యాద సరే, నేను నిన్ను మర్యాదగా పిలిచి ఎంత ఏడిపించాను! మీ అత్తయ్య నాకు వారం నుంచి గడ్డి పెడుతూనే ఉంది.”

సదస్సుకు రానని ఉత్తరం రాసేద్దామా అన్నారు బావగారు. మామగారు ఒంటికాలి మీద లేచారు. “ఎందుకు మానాలి? ఏది కుదరదో, ఎందుకు కుదరదో చెప్తాను. అందులో సిగ్గేముంది?” అన్నారు. చిక్కల్లా బోర్డే. చెయ్యి ఛాతీ దాటదు. అక్క రాయాలి. ఆ మాట వినగానే అక్క, “నా వల్ల కాదు. పిల్లల ముందు వేరు, అక్కడ వేరు,” అంది. పాత సెమినార్ సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పబోతే అక్క కళ్ళతోనే వారించింది.

“నువ్వు నోరు విప్పక్కర్లేదమ్మా. నేను చెప్తుంటే నువ్వు రాస్తావు, మన బల్ల దగ్గర లాగే,” అన్నారాయన.

ఆ హాల్లో పొడవాటి బెంచీలు, పైన కిర్రుమనే ఫ్యాన్లు, అరిగిపోయి నల్లరంగు కాస్తా బూడిదరంగైన బోర్డు. నలభై మంది ఉంటారేమో. నేనూ అత్తగారూ చివరి బెంచీలో కూర్చున్నాం. మామగారు నవ్విస్తూ బాగానే మొదలుపెట్టారు. అక్క జనానికి వీపు పెట్టి రాస్తూ పోయింది. లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన తొట్రుపడ్డారు. “పది అంగల్లో మనం ఆరు కోట్ల చోట్లకి...”

“చోట్లు కాదు, నడకలు,” అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

హాల్లో నవ్వులు లేచాయి. అక్క చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. అత్తగారు నా మోకాలు గట్టిగా పట్టుకున్నారు.

“చోట్లు కాదు, నడకలు,” అన్నారు మామగారు. “ఈ వాదన మా కోడలిది. అందుకే నాకు నోరు తిరగట్లేదు.”

ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తి, “ఇది ఆమే చేశారా?” అని అడిగాడు. ఆయన మామూలుగానే అడిగాడు. అక్క ఇటు తిరిగింది. చేతిలోని సుద్దముక్క బోర్డు అంచున పెట్టింది.

“నేనే చేశానండీ,” అంది. “నాకన్నా ముందే చాలామంది చేశారు, ఆ సంగతి నాకు తెలియదు.”

ఈసారీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత మిగిలినదంతా తనే చెప్పింది. గొప్పగా చెప్పిందని అనను. మధ్యలో ఆగి నీళ్ళు తాగింది, అధ్యక్షుడు గంట కొట్టినా వినిపించుకోలేదు. మామగారు వెళ్ళి బెంచీలో కూర్చుని అందరితోపాటు విన్నారు. చివర్లో ఎవరో, “మరి ఎన్ని రకాల అంగలుంటే సరిపోతుంది?” అని అడిగారు. “తెలియదండీ,” అంది అక్క.

బయట టీల దగ్గర విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరమ్మ ఆమెను పట్టుకుంది. చుక్కలు రెట్టింపైనప్పుడల్లా ఇంకో రెండు మూడు రకాల అంగలు చేర్చుకుంటూ పోవాలని, అన్ని ఉంటే కళ్ళు మూసుకుని ఏరుకున్నా దాదాపు ఎప్పుడూ బాగానే పాకుతుందని, అదీ తెలిసిన సంగతేనని చెప్పింది. “కళ్ళు మూసుకుని కాకుండా, ఒక పద్ధతి ప్రకారం ఏరుకోవడం ఎలా? అక్కడ చెయ్యాల్సిన పని ఇంకా ఉంది. గురువారాలు రాగలరా?” అంది.

అక్క వెంటనే మాటివ్వలేదు. ఇంటికి వచ్చి బావగారిని అడిగింది. “వెళ్ళు. గురువారం షాపులో పెద్దగా బేరాలుండవు, వంట నేను చూసుకుంటా,” అన్నారాయన. మొదటి గురువారం ఆ వంట తిన్నాక, గురువారాలు నా వాటాకి వచ్చాయి.

ఆమె తీసుకున్నది స్విచ్చుల సమూహం. వరసగా బల్బులున్నాయి. ఏ స్విచ్చు ముందు నొక్కినా ఫలితం ఒకటే, రెండుసార్లు నొక్కితే నొక్కనట్టే. కాబట్టి అదీ వినిమయ సమూహమే. అక్కడ ఒక అంగ అంటే కొన్ని బల్బుల్ని ఒకేసారి మార్చడం. అలాంటి అంగలు కొన్ని ఏరి పెట్టుకోవాలి. నువ్వు ఏ బల్బుల గుంపును చూపించినా, ఏరిన అంగల్లో సుమారు సగం ఆ గుంపులో బేసి సంఖ్య బల్బుల్ని మార్చాలి, మిగతా సగం సరి సంఖ్యని. అలా కుదిరితే ఎడం బాగుంటుంది, కబురు పాకుతుంది. నాకు ఇంతవరకే తెలుసు. ఇది కూడా మామగారి భుజం పుణ్యమే.

ఏళ్ళు పట్టింది. పరీక్ష పేపర్లు దిద్దే కాలంలో నెలలకి నెలలు ముట్టుకోవడం కుదిరేది కాదు. రెండుసార్లు అంతా అయిపోయిందని అందరం సంతోషించాక తనే తప్పు పట్టుకుని మొదటికొచ్చింది. రాసిన ప్రతి పేజీ ముందు మామగారి దగ్గరికే వెళ్ళేది. ఆయన ప్రతి ‘తీసుకుందాం’ దగ్గరా పోలీసు ఇన్‌స్పెక్టరులా ఆగి, “ఇది దేని మీద ఆధారపడుతోంది? చెప్పు,” అని నిలదీసేవారు. అక్క విసుక్కుంటూనే చెప్పేది.

చివరికి తేలింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఎవరో ఎప్పుడో చెప్పిన ఒక ఏరివేత పద్ధతి సరైనదేనని చూపడానికి ఇంకాస్త పొట్టి దారి. పదిహేడు పేజీల వ్యాసం పత్రికకు పంపితే, సగానికి పైగా తగ్గించమని తిరుగు జవాబు వచ్చింది. అక్క కొట్టేస్తూ కూర్చుంది. పక్కన మామగారు, “అయ్యో, అది మంచి పంక్తే! అదెందుకమ్మా?” అని ప్రతి పంక్తికీ ప్రాణం పోయినట్టు బాధపడ్డారు. అచ్చయి వచ్చేసరికి నాలుగు పేజీలు మిగిలాయి.

“ఇన్నేళ్ళకి నాలుగు పేజీలా?” అన్నారు అత్తగారు, అటూ ఇటూ తిప్పి చూసి.

“మా పాతికేళ్ళది అరపేజీలో ఎగిరిపోయింది. దాంతో పోలిస్తే ఇది పెద్ద గ్రంథం,” అన్నారు మామగారు.

చివర్లో చిన్న అక్షరాల్లో, ఈ ప్రశ్నను తనకు పరిచయం చేసి, ప్రతి పంక్తినీ సరిచూసిన తన మామగారికి కృతజ్ఞతలు అని ఉంది. “దండగ పంక్తి. అది తీసేస్తే ఇంకొంచెం పొట్టిగా ఉండేది,” అన్నారాయన. అయితే ఆ వారమంతా ఆ కాగితాలు బావగారి షాపులోనే ఉన్నాయి. కొత్త అద్దాలు పెట్టుకుని చూసుకునే గిరాకీలకి, దగ్గరి చూపు పరీక్షకని మామగారు ఆ చివరి పంక్తే చదివిస్తున్నారని తెలిసి, అక్క వెళ్ళి పట్టుకొచ్చేసింది. నాలుగు రోజులు ఆయన్ని మాట్లాడించలేదు.

ఇప్పుడామె మెడలో రెండు గుర్తింపు కార్డులున్నాయి, ఒకటి పాలిటెక్నిక్‌ది, ఒకటి విశ్వవిద్యాలయానిది. కొత్త ప్రశ్న ఇంకోటి తలకెత్తుకుంది. నిన్న గేటు దగ్గర కనిపిస్తే, ఎంతవరకు వచ్చిందని అడిగాను.

“ఏమో. అసలు కుదరదేమో కూడా,” అని నవ్వుతూ బస్సుకు చెయ్యెత్తింది.